కనపడని చోట ఉన్న మచ్చలు: పొందూరు వైపు నుంచి వచ్చిన ఒక మైకోసిస్ ఫంగాయిడిస్ కేసు

మైకోసిస్ ఫంగాయిడిస్ అంటే చర్మంలో నెమ్మదిగా పెరిగే ఒక రకం క్యాన్సర్. ఈ కేసులో మొదటి పొరపాటు నాది. అది చెప్పకుండా మిగతాది రాస్తే చదివేవాళ్లకి ఉపయోగం ఉండదు, అందుకే దానితోనే మొదలుపెడుతున్నాను.

నేను శ్రీకాకుళంలో చర్మవ్యాధుల ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ కేసు పొందూరు వైపు నుంచి వచ్చిన 41 ఏళ్ల ఆవిడది. రాట్నం మీద నూలు వడికే పని. భర్త చెన్నైలో భవన నిర్మాణ పనుల్లో ఉంటాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. ఇంట్లో అత్త, ఇంటర్ చదివే కూతురు. ఆవిడ అనుమతితోనే రాస్తున్నాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

మొదటిసారి వచ్చిన రోజు సోమవారం, ఓపీ నిండా జనం. మరిది బండి మీద తీసుకొచ్చాడు, గదిలోకి కూడా ఆయనే వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎడమ ముంజేతి లోపలి వైపు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద మచ్చ ఒకటి చూపించింది. చుట్టూ ఉన్న చర్మం కంటే తెల్లగా ఉంది, పూర్తి తెలుపు కాదు, పైన సన్నటి పొట్టు. చీర కుచ్చిళ్ల పక్క నుంచి కొద్దిగా జరిపి నడుము దగ్గర ఇంకో మచ్చ చూపించింది. ఆరేళ్లుగా ఉందంది. రాత్రిపూట దురద. మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో తగ్గుతుంది, మానేస్తే పది రోజుల్లో మళ్లీ అక్కడే వస్తుంది.

"ఇంకెక్కడైనా ఉన్నాయా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ ఒకసారి మరిది వైపు చూసింది. "లేవు బాబూ" అంది.

ఆ చూపు నేను చూశాను. చూసి కూడా ఆయన్ని బయటికి పంపలేదు, నర్సుని పిలవలేదు. చేతి మచ్చకి ఎగ్జిమా అని, నడుము మచ్చకి లంగా నాడా ఒరిపిడి అని రాశాను. నాడా వదులుగా, వెడల్పుగా కట్టుకోమని చెప్పాను. మధ్యస్థాయి స్టెరాయిడ్ పూత, దురదకి మాత్ర ఇచ్చి పంపాను. మొత్తం నాలుగైదు నిమిషాలు పట్టి ఉంటుంది.

నాడా మీదికి నా ఆలోచన పోవడానికి కారణం లేకపోలేదు. మన ఆడవాళ్లలో నడుము చుట్టూ నాడా గీత వెంబడి చర్మం నల్లబడటం, మందం కావడం, పొట్టు లేవడం రోజూ చూసేదే. ఇరవై ముప్ఫై ఏళ్లు ఒకేచోట బిగించి కట్టినవాళ్లలో అరుదుగా అక్కడ మానని పుండు పడి, అది స్క్వామస్ సెల్ కార్సినోమాగా (చర్మం పైపొర కణాల్లో వచ్చే క్యాన్సర్) తేలడం కూడా ఉంది. దాన్నే చీర క్యాన్సర్ అంటున్నారు. అయితే అది నాడా గీత మీదే వస్తుంది. ఈవిడ మచ్చ ఆ గీతకి రెండు వేళ్లు కింద ఉంది. ఆ రెండు వేళ్ల తేడాని నేను పట్టించుకోలేదు.

నాలుగు నెలల తర్వాత మళ్లీ వచ్చింది, ఏమీ మారలేదు. ముంజేతి మచ్చ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపాను. అప్పటికి ఆవిడ షాపు ట్యూబూ నా పూతా రెండూ కలిపి రాస్తోంది. మానమని నేను చెప్పలేదు. ఎగ్జిమా తరహా మార్పులు, ప్రత్యేకించి చెప్పదగినవి ఏమీ లేవు అని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం చూసి నేను ఊరటపడ్డాను. ఆవిడ ఆ తర్వాత 14 నెలల పాటు రాలేదు.

తిరిగి వచ్చిన రోజు

ఈసారి కూతురు తీసుకొచ్చింది. ఊళ్లో కుష్ఠు సర్వే జరిగినప్పుడు ఆశా కార్యకర్త చేతి మచ్చ చూసి, పెద్దాసుపత్రికి వెళ్లి చూపించుకోమని చెప్పిందట. ఆ అమ్మాయి చెప్పింది సరైన మాటే, ఆమె పని అదే. కానీ మాట ఇంటికి చేరేసరికి అత్తగారు కోడలి కంచం, గ్లాసు వేరు పెట్టేసింది. రాట్నాల దగ్గర కూడా పక్కన కూర్చోవడానికి జంకుతున్నారట. "పెద్దజబ్బేనేటి బాబూ?" అని అడిగింది ఆవిడ. అడిగేటప్పుడు నా వైపు చూడలేదు, తన చేతుల వైపు చూసుకుంది.

నేను ఆ రోజు ఓపీ అయిపోయేదాకా ఉండమన్నాను. ఒంటిగంటన్నరకి సిస్టర్ని గదిలో ఉండమని, తెర లాగి, కిటికీ తెరిచి పగటి వెలుతురులో పరీక్ష చేశాను. కూతురు పక్కనే ఉంది. ఒక్కో భాగమే తెరిచి, చూశాక దుప్పటి కప్పి, తర్వాతి భాగం. ఇరవై నిమిషాలు పట్టింది.

రెండు పిరుదుల మీద, తుంటి పక్కల, తొడల లోపలి వైపు, రొమ్ముల కింద, చంకల కింద పక్కల మీద మచ్చలు ఉన్నాయి. ముఖం, మెడ, చేతుల వెనక వైపు, పాదాలు శుభ్రంగా ఉన్నాయి. అంటే ఎండ నేరుగా తగిలే చోట ఒక్కటీ లేదు. ఈత కొట్టేటప్పుడు వేసుకునే నిక్కరు ఎంతమేర కప్పుతుందో అంతమేరా ఈ జబ్బుకి ఇష్టమైన చోటని పుస్తకాల్లో చదివాం. మన ఊళ్లలో ఆ నిక్కరు మాట ఎవరికీ గుర్తుండదు. లంగా, జాకెట్టు కప్పే చోటు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

మచ్చలు ఒకే రకంగా లేవు. ఒకటి కందిబద్దంత, ఒకటి అరచేయంత. కొన్ని తెలుపు తిరిగినవి, కొన్ని గోధుమ ఎరుపులో ఉన్నవి. కొన్నింటి అంచు గీత గీసినట్టు ఉంది, కొన్నింటిది ఎక్కడ ముగిసిందో తెలియకుండా చర్మంలో కలిసిపోయింది. తామర అయితే అంచు ఎర్రగా పైకి లేచి, మధ్యలో మానుతూ, గుండ్రంగా పెరుగుతుంది. సోరియాసిస్ అయితే పొలుసు మందంగా, వెండిలా ఉంటుంది. ఇక్కడ రెండూ కాదు.

ఎడమ తొడ లోపలి మచ్చని రెండు వేళ్లతో అటూ ఇటూ మెల్లగా దగ్గరికి నొక్కాను. పైచర్మం నలిగిన ఉల్లిపొరలా సన్నటి ముడతలు పడింది. పక్కనున్న మామూలు చర్మాన్ని అలాగే నొక్కితే మెత్తగా మడత పడింది తప్ప ఆ ముడతలు రాలేదు. ఆవిడకి కూడా ఆ తేడా ఎప్పుడో తెలుసు. "ఉతికి ఉతికి పోగు సన్నబడిన గుడ్డలాగుంటాది బాబూ, నీళ్లోసుకున్నప్పుడు సెయ్యి తగిల్తే తెలుస్తాది" అంది. చర్మం పైపొర పలచబడటం గురించి నేను ఇంతకంటే బాగా ఎవరి నోటా వినలేదు. ఆ మచ్చలోనే గోధుమ చుక్కలు, తెల్ల చుక్కలు, సన్నటి ఎర్ర నాళాలు కలగలిసి ఉన్నాయి. పలచబడటంతో కలిపి ఈ నాలుగూ ఒకేచోట కలిస్తే దాన్ని పోయికిలోడెర్మా అంటారు. స్టెరాయిడ్ పూతలు ఎక్కువకాలం రాసినా చర్మం పలచబడుతుంది, నాళాలు కనపడతాయి, అది గుర్తుంచుకోవాలి. కానీ తొడ మచ్చలకి ఆవిడ ట్యూబు ఎప్పుడూ రాయలేదు. చేతికి, నడుముకే సరిపోయేదట, ట్యూబు ఖరీదు ఎక్కువని.

తర్వాత కుష్ఠు పరీక్ష. మా వైపు తెల్లమచ్చ అనగానే ముందు దీన్ని తేల్చుకోవాల్సిందే. 2005 డిసెంబరులో దేశం మొత్తానికి కుష్ఠు పది వేల మందికి ఒకరి కంటే తక్కువకి వచ్చిందని ప్రకటించినా, కొత్త కేసులు మన జిల్లాల్లో ఇంకా వస్తూనే ఉన్నాయి. సాలూరు ఫిలడెల్ఫియా ఆసుపత్రి పేరు విజయనగరం, శ్రీకాకుళం పల్లెల్లో పెద్దవాళ్లకి ఇప్పటికీ తెలుసంటే కారణం అదే. మోచేతి వెనక, మోకాలి పక్క, మెడ పక్క నరాలు తడిమాను, మందం కాలేదు. మచ్చ మీద వెంట్రుకలు ఉన్నాయి, చెమట పడుతోంది. వేడి, చల్లన తేడా తెలిసింది.

చివరగా దూది. పోగులా సన్నగా తీసి, ఆవిడ కళ్లు మూసుకున్నాక మచ్చ మీద తాకించి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమన్నాను. ప్రతిసారీ సరిగ్గా చూపించింది. నాలుగోసారి కళ్లు మూసుకునే, "ఇది మిల్లు దూది బాబూ, మా కొండపత్తి ఇలగుండదు" అంది. పొందూరులో కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి నూలు తీస్తారు, ఆ చేతులకి దూది తేడా తెలియడంలో వింత లేదు. కానీ ఆవిడ ఆ మాట చెప్పింది చేత్తో తాకి కాదు, మచ్చ మీద తాకిన పోగుని బట్టి. స్పర్శ పోయిన మచ్చ అలా చెప్పలేదు. నేను పక్కనే ఉన్న కూతురికి చెప్పాను, ఇది పెద్దజబ్బు కాదమ్మా అని. చెవి తమ్మె నుంచి, మచ్చల అంచు నుంచి కుష్ఠు క్రిముల కోసం స్మియర్లు తీయించాం, అవీ నెగెటివ్ వచ్చాయి.

శోభి కోసం, తామర కోసం పొట్టు గీకి చూశాం, ఫంగస్ లేదు. వుడ్స్ ల్యాంప్ (అతినీలలోహిత కాంతి దీపం) కింద మచ్చలు బొల్లిలా సున్నపు తెలుపులో మెరవలేదు.

ఆవిడ అరచేతిని వేళ్లతో సహా ఒంటి చర్మంలో 1 శాతంగా లెక్కవేసి, మచ్చలన్నీ కొలిచాం. మొత్తం పదకొండు అరచేతులు. మొదటిసారి వచ్చినప్పుడు నేను చూసింది ఒక అరచేయి కూడా నిండదు.

అనుమానం ఎందుకు అటు పోయింది

మైకోసిస్ ఫంగాయిడిస్ అనే పేరు వినగానే చాలామంది, కొందరు వైద్యులు కూడా, ఫంగస్ అనుకుంటారు. 1806లో ఫ్రాన్స్‌లో అలిబర్ట్ అనే వైద్యుడు ఒక రోగి ఒంటి మీద పుట్టగొడుగుల్లా లేచిన గడ్డలు చూసి వర్ణించాడు, తర్వాత ఆయనే పెట్టిన పేరు అది. ఫంగస్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. టి-లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు చర్మంలో చేరి అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ ఇది, చర్మపు లింఫోమాల్లో (లింఫోసైట్ల క్యాన్సర్లు) ఎక్కువగా కనిపించే రకం. 1870లో బజాన్ అనే ఆయన దీనికి మూడు మెట్లు చెప్పాడు: మొదట పలచటి మచ్చ, తర్వాత మందంగా లేచిన దద్దు, చివర గడ్డ. చాలామందిలో మొదటి మెట్టు మీదే ఏళ్లకి ఏళ్లు గడిచిపోతాయి. అరుదైనదే, చర్మపు టి-సెల్ లింఫోమాలన్నీ కలిపినా అమెరికా లెక్కల్లో ఏటా పది లక్షల మందికి సుమారు ఆరు కేసులు. నా ప్రాక్టీసు మొత్తంలో నేను వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే చూశాను. అయితే నేను చూడకుండా వదిలేసినవి ఎన్నో, ఈ కేసు తర్వాత ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

గడ్డ లేచాక ఎవరైనా గుర్తుపడతారు. కష్టమంతా మొదటి మెట్టులోనే. పుస్తకాల బొమ్మల్లో అది తెల్లతోలు మీద ఎర్రటి మచ్చ. మన నల్లటి, చామనఛాయ చర్మంలో అది తెలుపు తిరిగిన మచ్చగా రావచ్చు. ఈ తెల్లమచ్చ రకం నల్లచర్మం ఉన్నవాళ్లలో, చిన్న వయసు వాళ్లలో, పిల్లల్లో కూడా ఎక్కువ. దాంతో శోభి అనీ, బొల్లి అనీ, కుష్ఠు అనీ, పిల్లలైతే నులిపురుగుల మచ్చలనీ పేర్లు పడతాయి. ఒక్కో పేరుకీ ఒక్కో మందు, ఒక్కో ఏడాది.

2005లో అంతర్జాతీయ నిపుణుల బృందం తొలిదశ గుర్తించడానికి ఒక పాయింట్ల పద్ధతి ప్రతిపాదించింది. నాకు అది పనికొచ్చింది. తగ్గకుండా ఉండే లేదా పెరుగుతూ పోయే మచ్చలు ఉండటం మూలం. దానికి తోడు ఎండ తగలని చోట ఉండటం, ఆకారంలో, పరిమాణంలో ఒకదానికొకటి పోలిక లేకపోవడం, పోయికిలోడెర్మా, ఈ మూడింటిలో రెండు ఉంటే క్లినికల్‌గా 2 పాయింట్లు. బయాప్సీకి 2 వరకు, ఇమ్యునో పరీక్షకి (కణాల మీది గుర్తులు చూసేది) 1, టీసీఆర్ జీన్ పరీక్షకి (టి-కణాలు ఒకే కణం నుంచి పుట్టాయా అని చూసేది) 1. మొత్తం 4 వస్తే నిర్ధారణ. ఆవిడకి మూలంతో పాటు మూడూ ఉన్నాయి. కేవలం బట్టలు తీసి చూడటంతోనే సగం పాయింట్లు వచ్చేశాయి.

దురద గురించి ఒక మాట. అలర్జీ మాత్ర వేసుకున్నా తగ్గని, రాత్రి నిద్ర చెడగొట్టే దురద ఇందులో చాలామందికి ఉంటుంది, కానీ తెల్లమచ్చ రకంలో అసలు దురద లేనివాళ్లూ ఉంటారు. అందుకే దురద లేదు కాబట్టి కాదు అనుకోవడానికి లేదు. నాకు దానికంటే పెద్ద సూచన ట్యూబు కథ. రాస్తే తగ్గడం, మానేస్తే అదే జాగాలో, అదే ఆకారంలో రావడం, ఇలా ఏళ్ల తరబడి. స్టెరాయిడ్‌కి ఈ కణాలు కూడా కొంత లొంగుతాయి కాబట్టి తగ్గినట్టే కనిపిస్తుంది. రోగి సంతోషిస్తాడు, షాపు ఆయన సంతోషిస్తాడు, జబ్బు అక్కడే ఉంటుంది.

ట్యూబు మానేసిన మూడు వారాలు

బయాప్సీకి ముందు పూతలన్నీ కనీసం రెండు నుంచి నాలుగు వారాలు ఆపాలి. స్టెరాయిడ్ చర్మంలోంచి ఆ లింఫోసైట్లని తరిమేస్తుంది, ముక్క తీస్తే మైక్రోస్కోపు కింద చూడటానికి ఏమీ మిగలదు. నా మొదటి బయాప్సీ తప్పిపోవడానికి ఇదే ముఖ్య కారణమని ఇప్పుడు అనుకుంటున్నాను.

చెప్పడం తేలిక, ఆవిడకి ఆ మూడు వారాలు నరకం. కొబ్బరినూనె, మామూలు మాయిశ్చరైజర్, రాత్రికి దురద మాత్ర, అంతే ఇచ్చాను. తొమ్మిదో రోజు కూతురు ఫోన్ చేసింది, అమ్మ తెల్లార్లూ గోకుతోందని, ఒక్కసారి రాసుకుంటానంటోందని. నేను ఆవిడతోనే మాట్లాడాను. ఇప్పటిదాకా మందు రాసి జబ్బుని దాచాం, ఈసారి దాన్ని బయటికి రానిద్దాం అమ్మా, ఇంకో పన్నెండు రోజులు అన్నాను. "అలగే బాబూ" అంది. ఇంట్లో ఉన్న మూడు ట్యూబులూ మరుసటి రోజు కూతురి చేత క్లినిక్‌కి పంపించేసింది, తన దగ్గర ఉంటే రాసుకుంటానని.

ఆ ట్యూబుల్లో ప్రతిదాంట్లో క్లోబెటసాల్ ఉంది, దానికి తోడు ఒక యాంటీబయోటిక్, ఒక ఫంగస్ మందు. స్టెరాయిడ్ పూతల్లో అన్నింటికంటే ఘాటైనవాటిలో క్లోబెటసాల్ ఒకటి. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్ కిందకి తెచ్చింది. అయినా వాటిలో ఒక్కదానికి కూడా ఆవిడ దగ్గర చీటీ లేదు. మందుల షాపు నడిపేవాళ్లని, ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీలని నేను చేతులు జోడించి అడిగేది ఒక్కటే. రెండోసారి అదే మచ్చకి అదే ట్యూబు అడగడానికి వచ్చినవాళ్లని మాత్రం డాక్టరు దగ్గరికి పంపండి.

మూడు వారాలు నిండాక మూడు చోట్ల నుంచి ముక్కలు తీశాను: పిరుదు, తొడ లోపలి వైపు, రొమ్ము కింద. ఒక్కటే తీస్తే చాలదు. తొలిదశలో ఒక మచ్చలో కనపడనిది పక్క మచ్చలో కనపడుతుంది. పెథాలజిస్టుకి చీటీ మీద చర్మ ముక్క అని మాత్రమే రాసి పంపకుండా ఫోటోలు, ఎన్నేళ్లుగా ఉంది, ఎక్కడెక్కడ ఉంది, నా అనుమానం ఏమిటి, అన్నీ రాశాను. మొదటిసారి నేను రాసింది రెండే మాటలు, "ఎగ్జిమా అనుమానం". అది చూసి ఆయన ఎగ్జిమా కోసమే చూశారు, ఆయన తప్పేమీ లేదు.

రిపోర్టు రాకముందే ఆయన ఫోన్ చేశారు. పిరుదు ముక్కలోనూ తొడ ముక్కలోనూ లింఫోసైట్లు పైచర్మం అడుగు వరసలో, చూరు కింద బారుగా కూర్చున్న పిచ్చుకల్లా చేరి ఉన్నాయి, ఒక్కో కణం చుట్టూ తెల్లటి వలయం ఉంది. పైచర్మంలోకి ఎక్కి వచ్చాయి, కానీ ఎగ్జిమాలో ఉండే నీటి వాపు అక్కడ లేదు. కణాల కేంద్రకాలు మెలికలు తిరిగి ఉన్నాయి. తొడ ముక్కలో ఒకచోట అవి గుంపు కట్టాయి, దాన్నే పోట్రియే మైక్రోఆబ్సెస్ అంటారు. రొమ్ము కింది ముక్కలో చెప్పుకోదగింది ఏమీ లేదు. ఆ ఒక్కటే తీసి ఉంటే మళ్లీ ఖాళీ చేతులే. ఇమ్యునో పరీక్షలు విశాఖలో చేయించాం. టి-కణాల మీద ఉండే గుర్తుల్లో సీడీ3 పాజిటివ్, సీడీ8 ఎక్కువ, సీడీ7 దాదాపు పూర్తిగా పోయింది. తెల్లమచ్చ రకంలో సీడీ8 కణాలు ఎక్కువగా ఉండటం తరచుగా చూసేదే. క్లినికల్ 2, బయాప్సీ 2, సీడీ7కి 1. టీసీఆర్ పరీక్ష అవసరం పడలేదు, ఆ ఖర్చు మిగిలింది.

చంకల్లో, గజ్జల్లో, మెడలో బిళ్లలు లేవు. రక్తపరీక్షలు, ఎల్‌డీహెచ్ (కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము), రక్తపు స్మియర్ మామూలుగా ఉన్నాయి. మచ్చలు 10 శాతం దాటాయి కాబట్టి దశ 1బి. ఒకసారి చూపించుకుని రమ్మని విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి రాసిచ్చాను. క్యాన్సర్ అన్న మాటని ఒక్క డాక్టరు నోటి నుంచే విని ఊరుకోమనడం భావ్యం కాదని నా నమ్మకం.

చెప్పడం, వైద్యం

ఆ మాట చెప్పడానికి నాకే ఒక రాత్రి టెన్షన్ పట్టింది. లింఫోమా అని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ పాస్‌బుక్కు, ఆన్‌లైన్ ఫారాలు నింపేది ఆ ఇంట్లో కూతురే, సాయంత్రానికల్లా ఫోన్‌లో వెతుక్కుంటుంది. అందుకని సూటిగా చెప్పాను. ఇది చర్మంలో వచ్చే ఒక రకం క్యాన్సర్ అమ్మా, చాలా నెమ్మదైనది, తొలి మెట్టు మీదే దొరికింది.

"సచ్చిపోతానేటి బాబూ?"

ఈ దశలో దొరికిన చాలామందికి ఇది ఏళ్ల తరబడి చర్మం దాటి పోదనీ, పూర్తిగా వేరు తెంపేస్తానని మాట ఇవ్వలేననీ, వచ్చినప్పుడల్లా అణచిపెట్టొచ్చనీ చెప్పాను. బీపీ, షుగర్ లాగ కనిపెట్టుకుని ఉండాలి. కీమో ఇప్పుడు అక్కర్లేదు. తొలిదశలో ఘాటైన కీమో ఇచ్చినంత మాత్రాన మేలు ఎక్కువ జరగదని ఎప్పుడో తేలిన సంగతి. ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగిన ప్రశ్న వేరు. "మా అత్తకి అంటుకోదని మీరు సెప్పండి బాబూ, నా మాట నమ్మదు."

అత్తగారిని పిలిపించాను. ఆవిడ ముందు కోడలి చేతి మచ్చ మీద నా చెయ్యి వేసి, గ్లవ్స్ లేకుండా, ఇది అంటుకునే జబ్బు కాదు, పెద్దజబ్బు కాదు అని చెప్పాను. వచ్చే వారం కంచం సంగతి నేను అడగలేదు, కూతురే చెప్పింది, కలిపేసిందని.

వైద్యం నారోబ్యాండ్ యూవీబీ కాంతి. 311 నానోమీటర్ల చుట్టూ ఉండే అతినీలలోహిత కిరణాలు. పలచటి మచ్చ దశలో లింఫోసైట్లు చర్మం పైభాగంలోనే ఉంటాయి కాబట్టి ఆ లోతుకి ఇది సరిపోతుంది. దద్దులుగా మందమైతే ఇంకా లోతుకి దిగే పూవా (సోరాలెన్ మందుతో కలిపి ఇచ్చే యూవీఏ కాంతి) కావాలి. 300 మిల్లీజౌల్స్‌తో మొదలుపెట్టి, చర్మం ఎర్రబడకుండా చూసుకుంటూ ప్రతిసారీ 10 నుంచి 20 శాతం పెంచుకుంటూ వెళ్లాం. కళ్లకి అద్దాలు, ముఖానికి గుడ్డ. వారానికి మూడు సిట్టింగులైతే మేలు, కానీ వచ్చిన ప్రతి రోజూ ఆవిడ రాట్నం కూలి పోతుంది, బస్సు ఖర్చు పైన. రెండింటికి ఒప్పుకున్నాను. మూడు రాసి ఒకటి ఎగ్గొట్టించడం కంటే రెండు రాసి రెండూ వచ్చేలా చూసుకోవడం నాకు నయమనిపించింది.

"ఎండలో కూకుంటే సాలదా బాబూ? మా పెరట్లో ఎండకి కరువా?" అని అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. ఎండ తగిలే చోట ఆవిడకి మచ్చలు రాలేదు కూడా. కానీ ఎండలో ఏ కిరణం ఎంత పడిందో కొలవలేం, మచ్చలున్నది కప్పుకునే చోట్లలో, పైగా ఎక్కువైతే చర్మం కాలుతుంది. ఇక్కడ కాంతి డబ్బాలో కొలిచి ఇస్తున్నామని చెప్పాను. ఒప్పుకుంది.

పదకొండో సిట్టింగుకి రాత్రి దురద పోయింది. ఇరవై దాటేసరికి తెల్లమచ్చల్లో వెంట్రుకల మొదళ్ల చుట్టూ చామనఛాయ చుక్కలు వచ్చాయి. సంక్రాంతికి భర్త వచ్చాడని రెండు వారాలు రాలేదు, నేను కోప్పడలేదు. నలభై ఆరో సిట్టింగు నాటికి తొడ మీద పలచబడిన చోటు తప్ప మిగతావన్నీ మామూలు రంగుకి వచ్చాయి. ఆ తర్వాత ఒక్కసారిగా ఆపకుండా వారానికి ఒకటి, తర్వాత రెండు వారాలకి ఒకటి చేసుకుంటూ మూడు నెలలు సాగదీసి ఆపాం. ఆపాక తిరగబెట్టడం ఈ జబ్బులో మామూలే. అది ఆవిడకి ముందే చెప్పి, ప్రతి నెలా మొదటి ఆదివారం తలంటుకునే రోజున కూతురి సాయంతో ఒళ్లంతా చూసుకోమన్నాను.

నా పద్ధతి కూడా మారింది. ఆరు నెలలు దాటిన మచ్చ అని ఎవరు వచ్చినా, వెంట వచ్చినవాళ్లని ముందు బయట కూర్చోబెడతాం. ఆడవాళ్లయితే సిస్టర్ వచ్చాకే పరీక్ష. "ఇంకెక్కడైనా ఉన్నాయా" అని అడగడం మానేశాను. "నడుము కింద, పిరుదుల మీద, తొడల మీద కూడా చూడాలమ్మా, అక్కడ ఉంటేనే నాకు జబ్బు తెలుస్తుంది" అని చెబుతున్నాను. అలా కారణం చెబితే కాదన్నవాళ్లు తక్కువ. ఓపీ నడవడం నెమ్మదించింది, బయట కూర్చున్నవాళ్లు విసుక్కుంటున్నారు. దానికి నా దగ్గర వేరే దారి లేదు.

కాంతి ఆపిన ఏడో నెలలో ఆవిడ పిలవకుండానే వచ్చింది. సిస్టర్ తెర లాగేలోపే కుడి తుంటి చూపించింది. పాత మచ్చ పక్కనే కొత్తది ఒకటి, దాని చుట్టూ కూతురు బాల్ పెన్నుతో గీత గీసి, పక్కన తేదీ వేసింది. మొదటి ఆదివారం చూశారట, మంగళవారానికి నా దగ్గర ఉన్నారు. ట్యూబు ఏమీ రాయలేదు. రెండు వేళ్లతో నొక్కాను, ఉల్లిపొర ముడతలు వచ్చాయి. కొలిస్తే 2 సెంటీమీటర్లు. ఫోటో తీసుకుని, చిన్న ముక్క బయాప్సీకి పంపి, గురువారం నుంచి వారానికి రెండు సిట్టింగులు మళ్లీ మొదలుపెట్టాం.